ఊడదీయడంలో ఉస్తాదు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పెరట్లో పాము కనిపించిందని నేను చెబితే, మా ఆవిడ దాని పొడవును మూడుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నా భయం కింద తీసేసి, మిగిలింది వానపామేనని తేల్చుకుని నిశ్చింతగా నిద్రపోతుంది. ఇది మా వంశంలో ఉన్న జబ్బు. కోస్తా నుంచి ఏన్కూరుకు ఎడ్లబండి మీద వలస వచ్చిన రోజు గురించి మా నాన్న చెప్పిన ప్రతిసారీ దారిలో ఎదురైన పులి ఒకటి పెరిగేది. ఆయన పోయేనాటికి మా బండి వెనక పులులు గొర్రెల మందలాగా నడిచి వచ్చాయి. కాబట్టి ఇందులో కొలతలు కనిపించిన చోటల్లా కాస్త నొక్కి చూసుకోండి. గాలి పోగా మిగిలిందే సరుకు.

నేను ఎవరి గురించి రాస్తున్నానో ఆయనకు మాత్రం ఈ జబ్బంటే అస్సలు గిట్టేది కాదు. ఫౌజులో ఇంజనీర్ల దళంలో సుబేదారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, అవసరమైతే వాటినే పేల్చేయడం ఆ దళం పని. ఆ పని కొత్తగా చేరిన సిపాయిలకు నేర్పడం ఈయన పని. నేను నోరు తెరిచి రెండు మాటలు అనేలోపే ఆయన అరచెయ్యి అడ్డం లేచేది, రైల్వే గేటు పడ్డట్టు.

"తమ్మీ, దోమ పిచ్చుకంత ఉండదు. దోమ దోమంతనే ఉంటది. ఆఁ, ఇగ చెప్పు."

పోయిన నెల పినపాకలో ఆయన చనిపోయారని మణుగూరు బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. దినం నాటికి వెళ్లాను. భోజనాల దగ్గర వాళ్ల చుట్టాలు నన్ను పట్టుకున్నారు. "మా బాపు ఫౌజుల ఉన్నప్పుడు నువ్వు ఎంబడున్నవంట గదా సారూ, జెర చెప్పు" అన్నారు. చెప్పాను. చెయ్యి అడ్డం పెట్టే మనిషి దండేసిన ఫొటోలో ఉన్నాడు కదా, నాకు పగ్గాల్లేవు. దోమలు కాకులయ్యాయి. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా పొలమారేలా నవ్వారు. ఇంటికి వచ్చాక నాకే మనసు బాగాలేదు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను రోడ్ల శాఖలో కొత్తగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా చర్లలో పడ్డాను. చర్ల దాటాక రోడ్డు ఉన్నదని కాగితం అనేది, నా మోకాళ్లు ఒప్పుకునేవి కావు. ఆ ఎండాకాలం ఫౌజు ఇంజనీర్లు అడవిలో ఒక వాగు దగ్గర శిక్షణ క్యాంపు పెట్టారు. ఒడ్లు ఎత్తుగా, అడుగున ఇసుక కూరుకుపోయేలా, దారి అధ్వాన్నంగా ఉండే వాగు ఎక్కడుందో వెతుక్కుని మరీ వచ్చారు. మామూలు మనుషులు ఇల్లు కట్టుకోవడానికి మంచి స్థలం చూసుకుంటారు, వీళ్లు చెడ్డ స్థలం కోసం దేశమంతా తిరుగుతారు. వాళ్లకు పాలూ కూరగాయలూ చూసిపెట్టడానికీ, ఊరివాళ్లతో అవసరం పడితే సాయంగా ఉండటానికీ మా శాఖ నన్ను అరువిచ్చింది.

లారీ ఆగింది. ముందు మీసాలు దిగాయి. కాసేపటికి ఆయన దిగారు. ఆ మీసాల గురించి ఇంతకుమించి చెప్పను, చెబితే మా ఆవిడ భాగించాల్సి వస్తుంది. నడుముకు పిస్తోలు ఉంటుందనుకున్నాను, చిన్న సుత్తి ఉంది. దిగీ దిగగానే ఆ సుత్తితో లారీ చక్రం మీద టంగుమని కొట్టి, చెవి వంచి విన్నారు. తరవాత నా వైపు తిరిగి పచ్చి తెలంగాణ యాసలో "నువ్వేనా రోడ్లోళ్ల పిలగానివి? చాయ్ దొరుకుతదా ఈడ?" అన్నారు.

ఫౌజు అంటే హిందీలోనే తిడతారని భయపడి ఉన్న నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనది కొత్తగూడెం వైపే. తండ్రి బొగ్గుబాయిలో కార్మికుడు, బొగ్గు డబ్బాలను లోపలి నుంచి పైకి లాగే ఇనుపతాడు దగ్గర పని. "మా నాయిన జిందగంత తాడు పట్టుకొని నిలవడ్డడు. తాడు తెగితే కింద మనుషులు పోతరు. గందుకే నాకు ఇనుము సప్పుడు చిన్నప్పటి సంది తెలుసు" అనేవారు.

ఆ సుత్తి ఆయనకు ఆరో వేలు. కనిపించినదల్లా కొట్టి వినడమే. వంతెన పిన్నులు, టీ గ్లాసులు, మంచం కోళ్లు, సంతలో పుచ్చకాయలు. ఒకసారి నాకు చలిజ్వరం వచ్చి వణుకుతూ పడుకుంటే వచ్చి నా మోకాలి చిప్ప మీద మెల్లగా తట్టి, "పగులు లేదు, లేస్తవు" అని వెళ్లిపోయారు. "మంచి ఇనుము మోగుతది తమ్మీ. పగిలిన ఇనుము మొత్తుకుంటది. మనమే ఇనం" అనేది ఆయన మొదటి పాఠం.

రెండో పాఠం రొట్టెలతో చెప్పేవారు. వాళ్లు వేసే వంతెన ఇనుప చట్రాల వంతెన. చట్రానికి చట్రం ఆనించి, చిల్లుల్లో పిన్నులు కొట్టి, ఈ ఒడ్డునే మొత్తం కట్టేసి, కింద రోలర్ల మీద అవతలికి నెడతారు. నడుమ ఒక్క స్తంభం ఉండదు. మధ్యలో తలకిందులై వాగులో పడిపోకుండా ముందర తేలికపాటి ముక్కు ఒకటి కడతారు. ఇది కొత్త సిపాయిల బుర్రకెక్కేది కాదు. ఆయన వాళ్ల కంచాల్లోంచి రొట్టెలు లాక్కుని, బల్ల అంచున పేర్చి, ముందు ఒక సన్న ముక్క పెట్టి, పప్పు గిన్నె మీదుగా నెట్టి చూపించేవారు. నేర్చుకున్నవాడి రొట్టె వాడికి తిరిగి దక్కేది. నేర్చుకోనివాడి రొట్టె పప్పులో పడేది. ఆ క్యాంపులో చదువు రాక బక్కచిక్కినవాళ్లను నేను చూశాను. (ఇక్కడ ఆయన చెయ్యి లేచేది. "బక్కగ గాలే. పప్పుల పడ్డ రొట్టె గుడ తిన్నరు.")

కొత్త ఉపాయాలు ఆయనకు అన్నం తిన్నంత సులువు. వాగు ఇసుకలో లారీలు ఇరుసుల దాకా దిగబడుతుంటే, అవతలి గూడెంలో ఆడవాళ్లు వెదురు తడకలు అల్లుతుండటం చూసి, సిపాయిలను తీసుకెళ్లి వాళ్ల ముందు కూర్చోబెట్టారు. తుపాకీ పట్టిన చేతులు వెదురు బద్దలు పట్టాయి. గూడెం ఆడవాళ్లు వాళ్ల అల్లిక చూసి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కానీ ఆ తడకలు పరిస్తే లారీలు ఇసుక మీద పెళ్లికూతుళ్లలా నడిచిపోయాయి. చూడటానికి వచ్చిన పెద్ద అధికారి మొదట నవ్వి, తరవాత ఈ పద్ధతి మిగతా దళాలకూ నేర్పమని చెప్పి వెళ్లాడు.

అయితే ఆయన అసలు విద్య ఇవేవీ కాదు. ఊడదీయడం.

"కట్టుడు ఎవ్వడన్న కడ్తడు. ఊడదీసుడే ఫౌజీ పని. నువ్వు దాటినంక వంతెన నీ ఎంబడి రావాలె. లేకుంటె దుష్మన్ దాని మీదికెల్లే వస్తడు. ముందల ఇంకో నది ఉంటది, ఆడ ఏం వేస్తవ్, నీ బనీనా?"

అందుకని రోజూ పొద్దున వంతెన వేసేవారు, ఎండ పడమరకు వాలేలోపు ఊడదీసేవారు. ఒక్కోరోజు పొద్దున ఊడదీసి మధ్యాహ్నం మళ్లీ వేసేవారు. ఆయన ఈల వేసి "ఖోలో" అంటే చాలు, మా కళ్ల ముందు నిలబడ్డ వంతెన చెట్టు మీద కాకుల్లాగా ఎగిరిపోయేది. పిన్నులు పెట్టెలో, చట్రాలు దొంతరగా, తాళ్లు చుట్టగా. అక్కడ వంతెన ఉండేదని వాగుకు కూడా గుర్తుండేది కాదు.

ఇక వాగు అవతలి గూడెం సంగతి. పది పదిహేను గుడిసెలు, పోడు చేసుకునే కోయవాళ్లు. ఎండాకాలం వాగులో దిగి నడిచి వస్తారు. వానలు పడ్డాయంటే వాళ్లకూ చర్ల దవాఖానాకూ మధ్య ఉన్నది ఒక్క తాటి దోనె. తాటిమాను తొలిచిన ఆ దోనెలో ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. ఆ వాగు ఏటా తన వాటా తాను తీసుకునేది. జ్వరమో, పురుడో, పాముకాటో వచ్చినవాళ్లు ఒడ్డు మీదే ఆగిపోయేవారు. ఈ మాట గూడెం పెద్దాయన వానల గురించి చెప్పినట్టే మామూలుగా చెప్పేవాడు.

క్యాంపు మొదట్లో మడుగు మీదుగా అవతలికి తొలి తాడు చేర్చడానికి సుబేదార్ గారు ఆ దోనె అడిగారు.

"తీస్కపో దొరా. జెర పైలం. అదొక్కటే ఉన్నది మాకు" అన్నాడు పెద్దాయన.

"నా పానం లెక్క చూస్త" అన్నారు ఈయన.

చూశారు కూడా. పని కాగానే దోనెను శుభ్రంగా కడిగించి, తుడిపించి, క్యాంపులో ఎత్తయిన చోట రాళ్ల మీద బోర్లా పెట్టించి, చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు వరుసగా పేర్పించారు. ఫౌజులో వస్తువును గౌరవించడం అంటే అదే. ఇనుముకు ఆ గౌరవం చాలు. తాటి దోనెను ఎండకు పగలకుండా నీళ్లలో ముంచి ఉంచాలి, కాదంటే నీడన పెట్టాలి. ఇది ఇనుము మనిషికి తట్టలేదు. గూడెంవాళ్లకు తెలుసు గానీ, వాళ్లిప్పుడు దోనె ముఖం చూడటం మానేశారు. వంతెన వచ్చింది కదా.

వాళ్లు ఆ వంతెనను ఎలా వాడుకున్నారంటే, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలిని చూసినట్టు మొదట రెండు రోజులు దూరం నుంచి చూశారు. తరవాత సంతకు దాని మీదే వెళ్లారు. మేకలను తోలారు. మంత్రసాని ముసలమ్మ ఒకామె ఉండేది, ఏ పనీ లేకపోయినా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటేది. "ఏందమ్మా, ఏం పోగొట్టుకున్నవ్?" అని సుబేదార్ గారు అడిగితే, "ఏం లే బిడ్డా. కాళ్లు తడవకుండ దాటుడు ఎట్లుంటదో సూస్తున్న" అంది. వంతెన రోజూ పోతుంది, రోజూ వస్తుంది. గూడెం పిల్లలు అవతలి ఒడ్డున వరసగా కూర్చుని, ఆయన ఈల వేయగానే తామే ముందు "ఖోలో" అని అరిచేవారు. వాళ్ల దృష్టిలో అదొక ఆట. పొద్దున పూసి సాయంత్రం ముడుచుకునే పువ్వులాంటి వంతెన సర్కారు తమకు ఇచ్చింది, అంతే.

అది ఎప్పటికీ ఉండేది కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. దాచిపెట్టి కాదు. ఫౌజులో అది చెప్పే విషయం కాదు. అభ్యాసం వంతెనను చివరకు ఊడదీసి పట్టుకెళతారని పాలు తాగే సిపాయికి కూడా తెలుసు. పొద్దు పొడుస్తుందని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఆఖరి రోజు పెద్ద అధికారి ముందు ప్రదర్శన. ఆ రోజు ఆ సిపాయిలు వంతెనను ఊడదీసినట్టు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఈలకూ ఈలకూ మధ్య కంటికి చట్రాలు కనపడలేదు, చేతులే కనపడ్డాయి. అధికారి గడియారం చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని అది నడుస్తోందో లేదో విన్నాడు. అవతలి ఒడ్డున గూడెం గూడెమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తమ వంతెన పోతున్నందుకు అంత సంతోషంగా చప్పట్లు కొట్టిన జనం ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండరు. సుబేదార్ గారు వాళ్లకు సెల్యూట్ కొట్టారు. సాయంత్రానికి లారీలు వరసగట్టి భద్రాచలం దారి పట్టాయి. క్యాంపు గుంతలు పూడ్చి, గుంజలు పీకి రావడానికి ఆయనా, నలుగురైదుగురు సిపాయిలూ, నేనూ మిగిలాం.

తెల్లారేసరికి వాన. మా నెత్తిన పడింది తక్కువ, పైన కొండల్లో పడింది ఎక్కువ. మేం టీ తాగుతుండగా వాగు రంగు మారింది. గ్లాసు కింద పెట్టేలోపు ఒడ్డు మీదికి వచ్చింది. (గ్లాసు పెద్దది. రెండు గ్లాసులనుకోండి.)

కాసేపటికి అవతలి ఒడ్డున మంచం మోసుకుని మనుషులు వచ్చారు. మంచంలో ఆడమనిషి. పక్కన ముసలమ్మ. ముందు నడుస్తున్నవాడు ఆమె మొగుడు, మాకు రోజూ తేనె, చింతపండు తెచ్చి ఇచ్చేవాడే. నొప్పులు మొదలై రాత్రంతా అయిందట, బిడ్డ అడ్డం తిరిగిందని ముసలమ్మ అంటోందట. వాగు హోరులో కేకలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. వాడు మంచాన్ని చెట్టు కింద దింపించి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేకేశాడు.

"సారూ, వంతెన ఎయ్యుండ్రి. మేం ఆగుతం."

అని, వాడు నిజంగానే కూర్చున్నాడు. మోకాళ్ల చుట్టూ చేతులు చుట్టుకుని, మా వైపు చూస్తూ. కంగారు లేదు. ఈ మీసాల ఆయన ఈల వేస్తే వంతెన ఎంతసేపట్లో వస్తుందో వాడు రోజూ చూసినవాడే కదా.

సుబేదార్ గారు నా వైపు తిరిగారు. ఆ ముఖం గురించి నేను ఏమీ పెంచను.

"మనం పోతమని ఈళ్లకు ఎరుక లేదా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"నేను చెప్పలే" అన్నారు. ఇంకెవరినో పట్టుకుని చెబుతున్నట్టు, "నేనే చెప్పలే."

దోనె దగ్గరికి పరుగెత్తాం. తెల్ల రాళ్ల మధ్య అది ఎంతో అందంగా ఉంది. తిప్పితే కాకరకాయను నిలువునా చీల్చినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు పగులు. ఆయన అలవాటుగా సుత్తి తీసి ఒక్క దెబ్బ కొట్టారు. ఏ శబ్దమూ రాలేదు. బంకమట్టి, గుడ్డలు, తారు, ఉన్నవన్నీ కుక్కి నీళ్లలోకి తోశాం. కాసేపు మా మర్యాద కోసం తేలి, తరవాత మునిగిపోయింది.

అవతల వాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. ఒకసారి లేచి, "తొందరేం లే సారూ. గాని జెర జల్దీ" అని కేకేసి, మళ్లీ కూర్చున్నాడు.

నీళ్ల డ్రమ్ములు మిగిలి ఉన్నాయి. వాటికి తడకలు కట్టి, పైన ఆఫీసు బల్ల తిరగేసి బిగించి, తెప్ప చేశారు. తాడు అవతలికి చేర్చాలి. సిపాయిలు కుర్రవాళ్లు, ఈత వచ్చినవాళ్లు, ముందుకు వచ్చారు. ఆయన ఎవరినీ పోనివ్వలేదు. నడుముకు తాడు కట్టుకుని, చాలా ఎగువకు వెళ్లి తానే దిగారు. వాగు ఆయన్ను ఎత్తి ఎత్తి కొట్టింది. కొట్టుకొచ్చిన చెట్టు ఒకటి మీద పడింది. మునిగినప్పుడల్లా తాడు పట్టుకున్న మేమూ ఊపిరి తీయలేదు. ఎక్కడో దిగువన ఒడ్డు పట్టుకుని లేచారు. అప్పటికి మధ్యాహ్నం అవుతోంది. చెట్టుకు తాడు కట్టి, తెప్పను లాగి, ఆమెనూ ముసలమ్మనూ బల్ల మీద పడుకోబెట్టి తిరిగి దాటించేసరికి ఇంకొంత పొద్దు పోయింది. మొగుడు తెప్ప అంచు పట్టుకుని ఈదుతూ వచ్చాడు.

దవాఖానా దాకా వెళ్లే వ్యవధి లేదు. ఇటు ఒడ్డున టార్పాలిన్ అడ్డం పట్టాం. ముసలమ్మ తన పని తాను చేసింది. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత గట్టిగా వచ్చిందంటే, వాగు హోరును చీల్చుకుని అవతలి ఒడ్డు దాకా వెళ్లింది. అక్కడ నిలబడ్డవాళ్లు విని చేతులూపారు.

మర్నాడు క్యాంపు ఖాళీ అయింది. వెళ్లేటప్పుడు సుబేదార్ గారు లారీ చక్రాన్ని కొట్టి చూడలేదు.

ఆయన్ను మళ్లీ చూస్తాననుకోలేదు. ఫౌజు నుంచి వచ్చేశారట, పినపాకలో ఇల్లు వేసుకున్నారట అని విన్నాను. రెండు వానాకాలాలు గడిచాక ఒక ఎండాకాలం పొద్దున చర్లలో నా గది ముందు ట్రాక్టర్ ఆగింది. ట్రక్కులో కొండచిలువల్లాగా ఇనుపతాళ్లు. బొగ్గుబాయిలో డబ్బాలు లాగి లాగి, ఇక పనికిరావని పక్కన పడేసినవి, తండ్రి తోటివాళ్లను అడిగి అనుమతితో తెచ్చుకున్నారు. మనుషులు నడవడానికి ఆ తాళ్లు ఇంకో తరం పనికొస్తాయట. మీసాలు నెరిశాయి.

"రా తమ్మీ. వంతెన ఏద్దాం."

మా శాఖకు దీంతో సంబంధం లేదు. సెలవు పెట్టి వెళ్లాను. రాతిలో ఇనుప గుంజలు దింపి, తాళ్లు అవతలికి లాగి, పాత సైకిల్ చక్రాలను కప్పీలుగా వాడి బిగించి, కింద వెదురు తడకలు పరిచారు. అప్పుడు సిపాయిలతో అల్లించినలాంటివే, ఈసారి ఆయనే అల్లారు. మనిషీ మేకా నడిచే వేలాడే వంతెన. గూడెంవాళ్లు అవతలి నుంచి చూశారు. ఎవరూ సాయానికి రాలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

చివరి రోజు ఆయన ఒక విచిత్రం చేశారు. తాళ్లను గుంజలకు పట్టి ఉంచే పిన్నులు వరసగా కొట్టి, కుంపటి రాజేసి, ప్రతి పిన్ను కొసనూ ఎర్రగా కాల్చి, సమ్మెటతో చదును చేయడం మొదలుపెట్టారు. పుట్టగొడుగు తలలాగా.

"ఇదేంటండీ సుబేదార్ గారూ? రేపు ఊడదీయాలంటే?"

"ఊడి రావద్దనే."

"ఎప్పుడైనా మరమ్మతుకు..."

"వెదురు మార్చుకుంటరు. పిన్ను జోలికి ఎవ్వడు పోవద్దు. నేను గుడ."

బతుకంతా ఊడదీయడం నేర్పిన మనిషి, ఊడదీయడానికి వీల్లేని వంతెన కట్టారు. కట్టి, ఈ చివర ఒక రాయి మీద కూర్చున్నారు.

ఎవరూ ఎక్కలేదు. ఆ వంతెన కిందే గూడెంవాళ్లు వాగులో దిగి, మోకాలి లోతు నీళ్లలో నడిచి సంతకు పోయారు, వచ్చారు. తలెత్తి చూసేవారు కాదు. కొత్త తాటి దోనె ఒకటి చేసుకున్నారు. దాన్ని మడుగులో నీళ్ల కింద ముంచి, పైన రాళ్లు పెట్టి ఉంచారు. ఆయన రోజూ వచ్చి రాయి మీద కూర్చునేవారు, నేను కుదిరినప్పుడు పక్కన. వానలు దగ్గర పడుతున్నాయి. వాళ్లు ఎక్కకపోతే ఆ వాగు ఆ ఏడు కూడా తన వాటా తీసుకుంటుందని ఆయనకు తెలుసు, వాళ్లకూ తెలుసు. మొదట్లో నేను నవ్వించడానికి చూశాను. దోమలు బాతులంత ఉన్నాయన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

ఒక రోజు ఆ మొగుడు వచ్చాడు. వెనకాల భార్య. కొంచెం దూరంలో గూడెం పెద్దాయన, ముసలమ్మ, ఇంకొందరు. వాడు వంతెన ఎక్కకుండా నీళ్లలోంచే నడిచి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మల్ల ఎప్పుడు ఊడదీస్తవ్?"

"ఊడదియ్య."

"అప్పుడు గుడ చెప్పలే గదా."

ఆయన లేచి, సమ్మెటా, ఇనుము నరికే శానమూ తెచ్చి వాడి చేతిలో పెట్టారు.

"నువ్వే ఊడదియ్. వస్తె ఊడదియ్, తీస్కపో."

వాడు ఆయన ముఖం చూశాడు. పిన్ను ముందు కూర్చున్నాడు. మొదటి దెబ్బ మామూలుగానే కొట్టాడు. తరవాత వాడి చేయి ఆగలేదు. పిన్ను మీద కొట్టాడు, గుంజ మీద కొట్టాడు, తాడు మీద కొట్టాడు. ఇనుము అడవంతా మోగింది. ఎవరూ ఆపలేదు. అరచేతులు బొబ్బలెక్కి పగిలి సమ్మెట పిడి తడిసింది. అయినా కొట్టాడు. నేను లేవబోతే సుబేదార్ గారు నా భుజం నొక్కి కూర్చోబెట్టారు. "కొట్టనియ్" అన్నారు.

పిన్ను కదల్లేదు. వాడు సమ్మెట వదిలేసి, గుంజకు తల ఆనించి చాలాసేపు ఉండిపోయాడు. తరవాత లేచి, ఎవరి వైపూ చూడకుండా వంతెన మీదికి నడిచాడు. వెనకే భార్య, వట్టి చేతులతో, తాడు పట్టుకుని. వాళ్లు అవతలికి చేరాక ముసలమ్మ ఎక్కింది. ఆ తరవాత మిగతావాళ్లు.

ఆ ఏడు వానల్లో జ్వరంతో ఒకరూ, పురుటికి ఒకరూ దాని మీదుగా చర్ల దవాఖానాకు చేరారు. తరవాతి రోజుల్లో ఆ వంతెన పోలీసులకూ నచ్చలేదు, అడవిలో తిరిగేవాళ్లకూ నచ్చలేదు. వాళ్లు వాడుకుంటారని వీళ్లకు, వీళ్లు వాడుకుంటారని వాళ్లకు. ఇద్దరూ వచ్చి పిన్నులు చూసి వెళ్లారట. పెద్ద వరదకు తడకలు కొట్టుకుపోతే గూడెంవాళ్లు మళ్లీ అల్లుకున్నారు. తాళ్లు అలాగే ఉన్నాయి.

ఇక కల్పించింది ఏదో చెప్పి ముగించాలి. మీసాలు, రొట్టెలు, గడియారం, వీటిని మీరు ఎలాగూ భాగించుకునే ఉంటారు, వాటి జోలికి పోను. జరగనిదాన్ని జరిగినట్టు రాసింది ఒక్క చోటే.

ఆ రోజు ఒడ్డు మీద బిడ్డ ఏడవలేదు. ఆడపిల్ల. ముసలమ్మ బిడ్డను కాళ్లు పట్టి తలకిందులు చేసి తట్టింది, చెవిలో ఊదింది. సుబేదార్ గారు ఆమె చేతిలోంచి లాక్కుని, నోటికి నోరు ఆనించి గాలి ఊదారు. ఊదుతూనే ఉన్నారు. "ఇంక చాలు బిడ్డా, ఇటియ్యి" అని ముసలమ్మ చేతులు చాచి కూర్చుంది. తల్లి బతికింది. అవతలి ఒడ్డున నిలబడ్డవాళ్లు ఏమీ వినిపించక, ఏమైందో తెలియక, చాలాసేపు చేతులూపుతూనే ఉన్నారు.

ఆ ఏడుపును నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ఒకసారి పినపాకలో, ఆయన ఇంటి ముందు, పక్కింటివాళ్లు కూర్చుని ఉండగా, ఆయన వినేలా చెప్పాను. నోటి వెంట వచ్చేసింది. అన్నాక ఆయన చేతి వైపు చూశాను. చెయ్యి ఒడిలోనే ఉంది. పక్కింటివాళ్లు నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయారు.

"తమ్మీ" అన్నారు చివరికి. "గా ముక్క మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను.